నాన్నగారికి గుండె జబ్బు, మొండి క్షయ, అరికాళ్ళ మంటలు: కొత్త మందుల వార్తల్లో మనకు పనికివచ్చేదెంత?

అమ్మా, మీరు అడిగినదాన్ని ముందుగా నాలుగు మాటల్లో మళ్ళీ చెబుతాను. ఇదే స్థితిలో ఉన్న వేరే కుటుంబాలవారు చదివినా అర్థం కావాలి. గాజువాకలో ఉంటున్న మీ నాన్నగారికి 61 ఏళ్ళు. మూడేళ్ళ క్రితం గుండెపోటు వస్తే స్టెంటు వేశారు. ఈ ఏడాది దగ్గు, జ్వరం తగ్గక కళ్ళె పరీక్ష చేయిస్తే, క్షయకు వాడే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగని క్షయ అని తేలింది. ఆరు నెలల కొత్త చికిత్స మొదలుపెట్టారు. ఇప్పుడు అయిదో నెల నడుస్తోంది. పది రోజులుగా రెండు అరికాళ్ళలోనూ మంటలు, తిమ్మిర్లు వచ్చి రాత్రిళ్ళు ఆయనకు నిద్ర ఉండటం లేదు. ఈలోగా బంధువులు మూడు వార్తలు పంపారు: మొండి క్షయ ఆరు నెలల్లో నయమవుతుందని ఒకటి, ఏడాదికి రెండే ఇంజెక్షన్లతో కొలెస్టరాల్ సగానికి పడిపోతుందని ఒకటి, మత్తు కలిగించని కొత్త నొప్పి మందుకు అమెరికాలో అనుమతి వచ్చిందని ఒకటి. వీటిలో ఏది నిజం, ఏది మనకు పనికివస్తుంది, ‘ప్రయోగంలో చేరితే సగం ధరకే మూలకణాలు (స్టెమ్ సెల్స్) ఎక్కిస్తాం’ అంటున్న క్లినిక్ మాట నమ్మవచ్చా అన్నది మీ ప్రశ్న.

వెంటనే చేయవలసింది ముందు చెబుతాను. కాళ్ళ మంటల సంగతి రేపు ఉదయమే క్షయ మందులిస్తున్న డాక్టరుగారికి చెప్పండి. వచ్చే నెల తేదీ దాకా ఆగవద్దు. ఆయన చూసేదాకా మందుల షాపులో అడిగి ఏ నొప్పి బిళ్ళా కొనవద్దు. క్షయ మందులు మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు. కారణాలు కింద వివరంగా రాస్తున్నాను. నేను విశాఖలో ఛాతీ వ్యాధుల వైద్యుడిగా 34 ఏళ్ళు పనిచేశాను, మందుల ప్రయోగాలను పరిశీలించే ఎథిక్స్ కమిటీలో కొన్నేళ్ళు సభ్యుడిగా ఉన్నాను. మీ నాన్నగారిని నేను చూడలేదు కాబట్టి ఇక్కడ రాసేది మీ డాక్టరుగారితో మాట్లాడటానికి పనికివచ్చే సమాచారమే గాని, ఆయన నిర్ణయానికి బదులు కాదు.

మొదటి వార్త నిజం. అంతేకాదు, అందులో చెప్పిన చికిత్సే మీ నాన్నగారు ఇప్పుడు తీసుకుంటున్నారు. బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లైనెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్ అనే నాలుగు మందుల ఈ కోర్సును మనవాళ్ళు పొట్టిగా ‘బీపాల్ ఎం’ అంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో దీనిని సిఫారసు చేసింది, కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2024 సెప్టెంబరులో మన జాతీయ కార్యక్రమంలోకి అనుమతించింది. దీని విలువ ఏమిటో తెలియాలంటే దీనికి ముందు ఏముండేదో తెలియాలి.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఇలాంటి రోగికి దాదాపు రెండేళ్ళ చికిత్స ఇచ్చేవాళ్ళం. అందులో మొదటి ఆరేడు నెలలు కనమైసిన్ ఇంజెక్షను ఉండేది. పిరుదు మీద పొడిచిన చోట గడ్డలు కట్టి రోగి పక్కకు ఒత్తిగిలి పడుకోలేకపోయేవాడు. అంతకన్నా పెద్ద బాధ వినికిడి పోవడం. చేపల రేవులో పనిచేసే 24 ఏళ్ళ కుర్రవాడిని వాళ్ళమ్మ వార్డుకు తీసుకువచ్చి, నాకు ఏమీ చెప్పకుండా, వాడి వెనుక నిలబడి స్టీలు గిన్నెను గరిటెతో గట్టిగా కొట్టింది. పక్క మంచాల వాళ్ళందరూ ఉలిక్కిపడ్డారు. వాడు కిటికీలోంచి బయటకు చూస్తూనే ఉన్నాడు. నెలనెలా చేయవలసిన వినికిడి పరీక్ష మేము పనిచేసిన చోట జరగలేదు. యంత్రం లేదు, అడిగినవాళ్ళమూ లేము. వాడి క్షయ నయమైంది, చెవులు తిరిగి రాలేదు. అంత బాధపడి కూడా, ఆ పాత చికిత్సతో బాగుపడినవారు ప్రపంచం మొత్తం మీద చూస్తే సగానికి కొంచెం అటూ ఇటూగానే ఉండేవారు. ‘ఆరు నెలలు, అన్నీ బిళ్ళలే’ అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఆ కుర్రవాడే గుర్తుకు వస్తాడు.

ఇక ఈ కొత్త కోర్సు వెనుక ఉన్న పరిశోధనను కొంచెం ఓపికగా చూడండి, ఎందుకంటే మీ నాన్నగారి కాళ్ళ మంటల కథ కూడా అందులోనే ఉంది. దక్షిణాఫ్రికాలో ఏ మందుకూ సరిగా లొంగని క్షయ ఉన్న 109 మందికి బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లైనెజోలిడ్ మూడింటినీ ఆరు నెలల పాటు ఇచ్చారు. 2020లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది బాగుపడ్డారు. ఈ అధ్యయనంలో పోల్చి చూడటానికి రెండో జట్టు లేదు. సాధారణంగా అది పెద్ద లోపం. కానీ అంతకుముందు ఆ దశకు చేరిన రోగుల్లో చాలామంది చనిపోయేవారు కాబట్టి, ఈ తేడా కేవలం అదృష్టం వల్ల వచ్చిందని అనుకోవడానికి వీలు లేకపోయింది. అయితే అదే అధ్యయనంలో నూటికి 81 మందికి కాళ్ళు చేతుల నరాలు దెబ్బతిన్న లక్షణాలు వచ్చాయి. కారణం లైనెజోలిడ్, అందులో దానిని రోజుకు 1200 మిల్లీగ్రాములు ఇచ్చారు. ఆ మందు క్షయ క్రిమి ప్రొటీన్లు తయారుచేసుకునే యంత్రాంగాన్ని అడ్డుకుంటుంది. మన కణాల్లో శక్తిని పుట్టించే మైటోకాండ్రియాలలో ఉండే యంత్రాంగం కూడా దానికి దగ్గరి పోలికతోనే ఉంటుంది. అందువల్ల నెలల తరబడి వాడితే పొడవాటి నరాలు ముందుగా దెబ్బతింటాయి. శరీరంలో అన్నిటికన్నా పొడవైన నరాలు అరికాళ్ళకు వెళ్ళేవే కాబట్టి మంట అక్కడే మొదలవుతుంది.

అలాగని ఆ మందును వదులుకోలేదు, ఎంత ఇస్తే చాలో వెతికారు. ఆ తరువాతి అధ్యయనంలో 181 మందిని చీటీలు తీసినట్టుగా నాలుగు జట్లు చేసి, లైనెజోలిడ్ మోతాదునూ కాలాన్నీ మార్చి చూశారు. రోజుకు 1200 మిల్లీగ్రాములు 26 వారాలు తీసుకున్న జట్టులో నూటికి 93 మంది బాగుపడితే 38 మందికి నరాల బాధ వచ్చింది. 600 మిల్లీగ్రాములు అంతే కాలం తీసుకున్న జట్టులో 91 మంది బాగుపడితే 24 మందికి ఆ బాధ వచ్చింది. నయం కావడంలో పెద్దగా నష్టం లేకుండా బాధ అంత తగ్గిందన్నమాట. వార్తల్లో ‘కొత్త మందు’ అని వచ్చిన సంగతులకన్నా, ఉన్న మందును ఎంత ఇవ్వాలో తేల్చిన ఇలాంటి పని నా దృష్టిలో ఎక్కువ గౌరవానికి తగినది. ఉజ్బెకిస్తాన్, బెలారుస్, దక్షిణాఫ్రికాలలో జరిగిన మరో ప్రయోగంలో మాక్సిఫ్లాక్సాసిన్‌ను కూడా చేర్చి పాత పొడవాటి చికిత్సతో నేరుగా పోల్చారు. చెడు ఫలితం పాత పద్ధతిలో నూటికి 48 మందికి, కొత్త పద్ధతిలో 11 మందికి వచ్చింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: ఆ 48 మందీ చనిపోయారని కాదు. మందు పడక మధ్యలో మార్చవలసి వచ్చినవారిని కూడా చెడు ఫలితంగానే లెక్కించారు. ఆ ప్రయోగంలో లైనెజోలిడ్‌ను 16 వారాల తరువాత రోజుకు 300 మిల్లీగ్రాములకు తగ్గించారన్నది మీకు ముఖ్యమైన విషయం. మీ నాన్నగారు ఆ గడువు దాటారు. కాబట్టి మోతాదు తగ్గించడానికో, కొన్నాళ్ళు ఆపి చూడటానికో మీ డాక్టరుగారికి ఆధారం ఉంది. కానీ ఆ నిర్ణయం కళ్ళె కల్చరు (కళ్ళెలో క్రిములు ఇంకా పెరుగుతున్నాయేమో చూసే పరీక్ష) ఫలితం, రక్త పరీక్ష చూసి ఆయనే తీసుకోవాలి. మంటలను ఓర్చుకుని చెప్పకుండా ఉంటే నరాలు కోలుకోవడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. కొందరికి పూర్తిగా తగ్గదు. చూపు మసకబారినా, రంగులు వెలిసినట్టు కనిపించినా అదే రోజు చెప్పాలి, ఎందుకంటే ఈ మందు కంటి నరాన్ని కూడా దెబ్బతీయగలదు.

ఇంట్లోనే ఒకటి గమనించండి. నడుస్తూ ఉండగా చెప్పు కాలి నుంచి జారిపోతే ఆయనకు తెలుస్తోందా? ఓ.పి.లో నేను రోగిని అడిగే మొదటి ప్రశ్న ఇదే. చెప్పు గుమ్మం దగ్గరే జారిపోయినా తెలియక ఒంటికాలి చెప్పుతో బల్ల దాకా నడిచి వచ్చినవారిని చూశాను. మంటగా ఉన్నది కదా అని వేడి ఉప్పునీళ్ళలో కాళ్ళు పెట్టించవద్దు. స్పర్శ తగ్గిన పాదం కాలినా తెలియదు.

క్షయ గురించి ఇంకొక్కటి చెప్పి ముందుకు వెళతాను, మీరు ‘ఆహారం ఏమి పెట్టాలి’ అని కూడా అడిగారు కాబట్టి. 1956లో మద్రాసులో మొదలైన క్షయ చికిత్సా కేంద్రం ఒక సంగతి తేల్చింది: పేద ఇళ్ళలో ఉండి మందులు తీసుకున్న రోగులు, శానటోరియంలో (క్షయ రోగులను ఉంచే ప్రత్యేక ఆసుపత్రిలో) మంచి తిండి, విశ్రాంతి దొరికిన రోగులతో దాదాపు సమానంగా బాగుపడ్డారు. 1959లో వెలువడిన ఆ ఫలితంతో ప్రపంచమంతా శానటోరియంల అవసరాన్ని మళ్ళీ ఆలోచించింది. దాన్ని విని ‘తిండితో పనిలేదు, మందు చాలు’ అనుకున్నవాళ్ళు ఎందరో. 2023లో జార్ఖండ్ నుంచి వెలువడిన అధ్యయనం వేరే ప్రశ్న అడిగింది. క్షయ రోగి ఇంట్లోని మిగతావారికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ బిళ్ళలు ఇచ్చి, అవి ఇవ్వని ఇళ్ళతో పోల్చితే, వారిలో కొత్తగా క్షయ రావడం నూటికి 39 వంతులు తగ్గింది. రోగులలో మొదటి రెండు నెలల్లో బరువు పెరిగినవారికి చావు ముప్పు బాగా తక్కువగా ఉందని కూడా చూశారు. అయితే రోగులందరికీ ఆహారం ఇచ్చారు కాబట్టి ఈ రెండో మాట పోల్చి తేల్చినది కాదు, పరిశీలనలో కనబడినది. రెండు అధ్యయనాలూ నిజమే, అడిగిన ప్రశ్నలు వేరు. మీ ఇంట్లో అందరికీ పప్పు, గుడ్డు, చేప, పాలు ఉండేలా చూసుకోండి. క్షయ రోగుల తిండి కోసం ప్రభుత్వం నడిపే ‘నిక్షయ్ పోషణ్ యోజన’ కింద నెలకు 1000 రూపాయలు నాన్నగారి బ్యాంకు ఖాతాలో పడాలి. పడకపోతే మీ ప్రాంతంలోని క్షయ విభాగం సిబ్బందిని అడగండి.

ఇప్పుడు గుండె సంగతి. ఇంజెక్షను వార్తకన్నా ముందు చెప్పవలసినది ఒకటి ఉంది: బెడాక్విలిన్, మాక్సిఫ్లాక్సాసిన్ రెండూ గుండె విద్యుత్తు తిరిగి సర్దుకోవడానికి పట్టే సమయాన్ని పొడిగిస్తాయి. ఈ.సి.జి.లో దీనిని క్యూటీ అంటారు. గీతల కాగితం మీద ఒక చిన్న గడి 40 మిల్లీసెకన్లు. గీతలో క్యూ అనే చోట మొదలై టీ అనే అల అడుగుకు దిగేదాకా గడులు లెక్కపెట్టి, గుండె వేగానికి సరిచేసి చూస్తాం. ఆ లెక్క 500 మిల్లీసెకన్లు దాటితే ప్రమాదకరమైన లయలోకి గుండె జారే అవకాశం ఉంటుంది కాబట్టి మందులు ఆపి చూడవలసి వస్తుంది. ఒకసారి గుండెపోటు వచ్చిన మనిషిలో ఈ జాగ్రత్త రెట్టింపు ఉండాలి. బెడాక్విలిన్ శరీరం నుంచి చాలా నెమ్మదిగా పోతుంది, దాని పరిమాణం సగానికి తగ్గడానికే దాదాపు ఐదున్నర నెలలు పడుతుంది. కాబట్టి కోర్సు పూర్తయిన తరువాత కూడా కొన్ని నెలలు ఈ మాట గుర్తుంచుకోవాలి. వాంతులవుతున్నాయని ఒండాన్‌సెట్రాన్, కడుపుబ్బరమని డొంపెరిడోన్, జలుబు చేసిందని అజిత్రోమైసిన్ మన దగ్గర షాపుల్లో డాక్టరు చీటీ లేకుండానే ఇస్తారు. మూడూ క్యూటీని పొడిగించేవే.

కొలెస్టరాల్ ఇంజెక్షను పేరు ఇంక్లిసిరాన్. కాలేయంలో ఒక ప్రొటీను తయారీని జన్యు సందేశం స్థాయిలో అడ్డుకుని, చెడు కొలెస్టరాల్‌ను రక్తం నుంచి కాలేయం ఎక్కువగా లాక్కునేలా చేస్తుంది. మొదటి రెండు మోతాదులు మూడు నెలల తేడాలో, తరువాత ఆరు నెలలకొకసారి ఇస్తారు. 2020లో వెలువడిన అధ్యయనాల్లో ఎల్.డి.ఎల్. అనే ఈ చెడు కొలెస్టరాల్ దాదాపు సగానికి తగ్గింది. వార్తలో చెప్పినది అంతవరకు సరైనదే. కానీ అక్కడ కొలిచినది రక్తంలోని సంఖ్య. గుండెపోట్లు, మరణాలు ఎంత తగ్గుతాయో తేల్చడం వేలమందిని ఏళ్ళ తరబడి చూడవలసిన వేరే పని.

ఈ తేడాను నేను ఎందుకింత పట్టుబట్టి చెబుతున్నానో ఒక్క ఉదాహరణతో వివరిస్తాను. గుండెపోటు తరువాత కొందరికి ఈ.సి.జి.లో మధ్యమధ్య అదనపు దెబ్బలు కనిపిస్తాయి, అవి ఉన్నవారికి హఠాన్మరణం ఎక్కువ. కాబట్టి వాటిని అణిచే మందులిస్తే ప్రాణాలు నిలుస్తాయని 1980లలో ప్రపంచమంతా నమ్మింది. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ ఇస్తే గీతలు చక్కగా సాఫీ అయ్యేవి, డాక్టరుకూ రోగికీ సంతృప్తిగా ఉండేది. చివరకు 1498 మందికి చీటీల పద్ధతిలో సగంమందికి మందు, సగంమందికి మందులేని బిళ్ళ ఇచ్చి చూస్తే, మందు తీసుకున్నవారిలో 63 మంది, ఉత్త బిళ్ళ తీసుకున్నవారిలో 26 మంది చనిపోయారు. కాగితం మీది గీత బాగుపడింది, మనిషి పోయాడు. 1991లో ఈ ఫలితం పూర్తిగా అచ్చయింది. నా తరం వైద్యులు కొత్త మందును చూసే పద్ధతే దానితో మారిపోయింది. ఎల్.డి.ఎల్. విషయంలో భయం అంత లేదు, ఎందుకంటే వేరే దారుల్లో దానిని తగ్గించినప్పుడు ప్రాణాలు నిలిచాయని ముందే తేలింది: 1994లో 4444 మంది గుండె రోగులలో సిమ్వాస్టాటిన్ అనే కొలెస్టరాల్ బిళ్ళ (స్టాటిన్ జాతిది) మరణాలను నూటికి 30 వంతులు తగ్గించింది. ఇంక్లిసిరాన్ లాగానే అదే ప్రొటీనును అడ్డుకునే ఇవోలోక్యుమాబ్ అనే మరో ఇంజెక్షను 27 వేలకు పైగా రోగులలో గుండెపోటు, పక్షవాతం వంటి ఘటనలను నూటికి 15 వంతులు తగ్గించిందని 2017లో చూపారు. అంటే ఆశకు ఆధారం ఉంది. అయినా ఖరీదు చూసుకుంటే, రోజూ వేసుకునే స్టాటిన్ పూర్తి మోతాదులోనూ చాలనప్పుడో, అది పడనప్పుడో ఆలోచించవలసిన మందు అది. మీ నాన్నగారి ఎల్.డి.ఎల్. ఎంతో మీరు రాయలేదు. ముందు అది చూడండి.

నేను ఎక్కువగా భయపడేది వేరే విషయానికి. క్షయ మందులు మొదలుకాగానే ‘ఇన్ని బిళ్ళలు వేడి చేస్తాయి’ అని ఇంట్లోవాళ్ళు గుండె బిళ్ళలు మానిపించడం నేను చాలా ఇళ్ళలో చూశాను. 1988లో 17,187 మంది గుండెపోటు రోగులపై జరిగిన అధ్యయనంలో, నొప్పి మొదలైన 24 గంటలలోపు ఆస్పిరిన్ మొదలుపెట్టి నెల రోజులు ఇస్తే అయిదు వారాల్లో మరణాలు నూటికి 23 వంతులు తగ్గాయి. అర రూపాయి బిళ్ళ అది. స్టెంటు ఉన్న మనిషికి దానిని మానిపించడం వల్ల వచ్చే నష్టాన్ని ఏ కొత్త ఇంజెక్షనూ పూడ్చలేదు. గుండె బలహీనపడిందని ఎకోలో (గుండె స్కానింగులో) ఉంటే డాపాగ్లిఫ్లోజిన్ గురించి మీ గుండె డాక్టరుగారిని అడగండి. షుగరు మందుగా వచ్చిన ఇది, 2019లో 4744 మంది గుండె బలహీనత రోగులలో, జబ్బు ముదరడాన్నీ గుండె మరణాలనూ కలిపి చూస్తే నూటికి 26 వంతులు తగ్గించింది. మన దేశంలో దాని మొదటి పేటెంటు 2020లో ముగిసింది, ధర సామాన్యుడికి అందేలా దిగింది. గత పదేళ్ళ గుండె పరిశోధనలో మన మధ్యతరగతి ఇంటికి నిజంగా చేరిన మేలు ఏదంటే నేను దీనినే చూపిస్తాను.

మూడో వార్తలోని నొప్పి మందు పేరు సుజెట్రిజిన్. దాని వెనుక ఉన్న విజ్ఞానం గొప్పది. పాకిస్తాన్‌లో పుట్టుకతోనే నొప్పి తెలియని కొన్ని కుటుంబాలను పరిశీలించి, నరాల్లో నొప్పి సంకేతాన్ని మోసే సోడియం ద్వారాలలో ఒకటి వారిలో పనిచేయడం లేదని 2006లో కనుగొన్నారు. నొప్పి నరాల్లోనే ప్రధానంగా ఉండే అటువంటి మరో ద్వారాన్ని మూసే మందే ఇది. మెదడు మీద పనిచేయదు కాబట్టి మత్తు, అలవాటు పడటం ఉండవు. 2025 జనవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది. అయితే ఆ అనుమతి హఠాత్తుగా వచ్చే, కొద్దికాలం ఉండే నొప్పికి. కాలి బొటనవేలి ఎముక, పొట్ట చర్మం శస్త్రచికిత్సలు చేయించుకున్నవారిలో 48 గంటలపాటు కొలిచి చూశారు. ఉత్త బిళ్ళకన్నా మేలు, పాత నల్లమందు జాతి బిళ్ళకన్నా ఎక్కువేమీ కాదు. అదే మందును నడుము నుంచి కాలికి పాకే సయాటికా నొప్పికి ఇచ్చి చూసినప్పుడు, మందు తీసుకున్నవారికీ ఉత్త బిళ్ళ తీసుకున్నవారికీ నొప్పి దాదాపు ఒకే మేర తగ్గింది. మీ నాన్నగారి నరాల మంట 48 గంటల నొప్పి కాదు. కాబట్టి దానికోసం తిరగవలసిన పని లేదు.

ఉత్త బిళ్ళకు కూడా నొప్పి తగ్గడం వింటే, ఆ రోగులు నొప్పి ఉన్నట్టు నటించారేమో అనిపిస్తుంది. అది పొరపాటు. నొప్పి దానంతట అదే పెరుగుతుంది, తగ్గుతుంది. ఎక్కువగా ఉన్న రోజునే మనం డాక్టరు దగ్గరకు వెళతాం. పైగా ఎవరో శ్రద్ధగా చూసుకుంటున్నారన్న నమ్మకం మెదడు నొప్పిని అందుకునే తీరునే మారుస్తుంది. గుండె వైద్యంలోనే దీనికి చక్కటి నిదర్శనం ఉంది. బ్రిటన్‌లో 200 మంది స్థిరమైన ఛాతీనొప్పి రోగులకు ముందుగా మందులు బాగా ఇచ్చి, తరువాత సగంమందికి నిజంగా స్టెంటు వేసి, సగంమందిని అదే గదిలో అదే విధంగా మత్తులో ఉంచి స్టెంటు వేయకుండా పంపారు. ఆరు వారాల తరువాత నడక యంత్రం మీద ఎంతసేపు నడవగలరో కొలిస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 2017లో ప్రకటించారు. ఛాతీనొప్పికి ఇచ్చే గుండె మందులు పెద్దగా వాడనివారిలో అదే బృందం మళ్ళీ చూస్తే స్టెంటు వల్ల నొప్పి నిజంగానే తగ్గింది. అది 2023 ఫలితం. గుండెపోటు సమయంలో వేసే స్టెంటుకు వీటితో సంబంధం లేదు. అక్కడ అది ప్రాణం నిలిపేదే, మీ నాన్నగారికి వేసింది సరైనదే.

ఇక షాపులో నొప్పి బిళ్ళ కొనవద్దని ఎందుకు అన్నానంటే, ఆయనకు ఇప్పుడు మామూలు నొప్పి మందుల్లో చాలా వరకు సరిపడవు. రోఫికాక్సిబ్ అనే నొప్పి మందు గుండెపోట్లు పెంచుతుందని తేలి 2004లో మార్కెట్టు నుంచి తీసివేశారు. మనం రోజూ వాడే డైక్లోఫెనాక్‌కు కూడా అదే దిశలో ముప్పు ఉందని తరువాత తెలిసింది. ఐబుప్రొఫెన్ ఆస్పిరిన్ చేసే పనికి అడ్డు వస్తుంది. ట్రమడాల్, డ్యులోక్సెటిన్ రెండూ లైనెజోలిడ్‌తో కలిస్తే సెరటోనిన్ అనే నరాల రసాయనం మితిమీరి వణుకు, జ్వరం, అయోమయం రావచ్చు. నరాల మంటకు పేరున్న అమిట్రిప్టిలిన్‌కు అదే దోషంతోపాటు క్యూటీ దోషం కూడా ఉంది. ప్రెగబాలిన్, గబాపెంటిన్ మిగులుతాయి. వాటిని మూత్రపిండాల పరీక్ష చూసి, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి ఇస్తారు. అన్నిటికన్నా ముందు చూడవలసినది లైనెజోలిడ్ మోతాదు. మంటకు మూలం అక్కడ ఉండగా పైన ఎన్ని బిళ్ళలు వేసినా ఫలితం అంతంతమాత్రమే.

చివరగా ఆ క్లినిక్ సంగతి. వెళ్ళవద్దు. రక్త సంబంధమైన కొన్ని జబ్బులకు తప్ప మూలకణాలు ఎక్కించడం చికిత్స కాదని, చేస్తే అనుమతి పొందిన ప్రయోగంగానే, రోగి దగ్గర డబ్బు తీసుకోకుండా చేయాలని భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. ‘ప్రయోగం’ అంటూ ‘సగం ధర’ అన్నారంటే ఆ రెండు మాటలే ఒకదాన్నొకటి అబద్ధం చేస్తున్నాయి. నిజమైన ప్రయోగానికి భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు సంఖ్య ఉంటుంది. 2009 జూన్ నుంచి అది తప్పనిసరి. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంటుంది. మీకు చదివి వినిపించి, మీ చేతికి ఒక ప్రతి ఇచ్చే తెలుగు సమ్మతి పత్రం ఉంటుంది. ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని 2019 నియమాలు చెబుతున్నాయి. ఇవన్నీ ఊరికే రాలేదు. అప్పటి మన ఖమ్మం జిల్లాలో గిరిజన హాస్టలు బాలికలకు టీకా వేసిన అధ్యయనంలో తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేశారన్న సంగతి బయటపడి, 2010లో దానిని ఆపివేశారు; 2013లో పార్లమెంటరీ సంఘం దానిని తీవ్రంగా తప్పుపట్టింది. కమిటీలో కూర్చున్నప్పుడు ఏ సమ్మతి పత్రం ముందుకొచ్చినా నేను మొదట చూసింది అందులోని తెలుగు మీ నాన్నగారి వంటివారికి అర్థమవుతుందా అన్నదే. అలాంటి సక్రమమైన ప్రయోగం ఎప్పుడైనా ఎదురైతే భయపడవలసిన పని లేదు. ఆ 109 మంది, ఆ 181 మంది ఒప్పుకున్నందువల్లే మీ నాన్నగారికి ఈ రోజు ఆరు నెలల కోర్సు దొరికింది. ఇప్పుడు మాత్రం ఆయన నడుస్తున్న కోర్సు పూర్తి చేయాలి.

రేపు వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ, గుండెవీ క్షయవీ దగ్గు సిరపుతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. స్టెంటు వేసిన సమయంలోని పాత ఈ.సి.జి., ఎకో కాగితాలు దొరికితే తీసుకువెళ్ళండి. ఇప్పటి క్యూటీని పోల్చడానికి అవి ఎంతో పనికివస్తాయి. రక్త కణాల లెక్క, కాలేయం, పొటాషియం, మెగ్నీషియం పరీక్షలు చివరిసారి ఎప్పుడు చేశారో అడగండి. డాక్టరుగారు లైనెజోలిడ్ గురించి ఏమి నిర్ణయించారో, నాలుగో నెల కల్చరు ఫలితం ఏమిటో ఇక్కడ రాస్తే, దానిని బట్టి నాకు తోచింది మళ్ళీ చెబుతాను.